రాజు బల్లయొద్ద ఒక చోటు

పఠనము: 2 సమూయేలు 9వ అధ్యాయము, 16:1-4, 19:24-30

వృద్ధాప్యము పైబడిన కొందరు తల్లిదండ్రులు ఏకాంతమందు చేయు ప్రార్థన ఒకటి కలదు. తమ బిడ్డను తమకంటె ఒక దినము ముందుగా తీసికొనుమని వారు దేవుని వేడుకొందురు. ఆటిజము గల కుమారునో కుమార్తెనో ముప్పది, నలువది సంవత్సరములు కంటికి రెప్పవలె కాచినవారి మొర యిది. ప్రేమ లేక కాదు, ప్రేమ అధికమగుటచేతనే వారు ఇట్లడుగుచున్నారు. తాము గతించిన మరునాడు ఆ బిడ్డకు అన్నము పెట్టువారెవరు? ఆ మౌనమును అర్థము చేసికొనువారెవరు? ప్రియ చదువరులారా, ఈ ప్రశ్నలకు జవాబు చెప్పవలసిన బాధ్యత క్రీస్తు సంఘముది.

ఆటిజము బాల్యముతో తీరిపోవునది కాదు. అది కలవారిలో కొందరు ఉద్యోగము చేసికొని స్వతంత్రముగా బ్రదుకుదురు. కొందరికి మాట రాదు. స్నానమునకు, భోజనమునకు, వైద్యమునకు జీవితాంతము తోడు కావలెను. మన చట్టము వారికిచ్చు ఉచిత విద్య 18 ఏండ్లతో ముగియును. ఆ తరువాతి దీర్ఘకాలమంతయు తలిదండ్రుల భుజములమీదనే నిలుచుచున్నది. ఆ భుజములును ఒకనాడు వంగిపోవును.

ఇప్పుడు మెఫీబోషెతు చరిత్రను చూడుడి. ఆయన బలహీనత కాళ్లది, ఆటిజము వేరు. అయినను ఆయన కొరకు జరిగిన ఏర్పాటు మనకు మాదిరిగా నున్నది. తండ్రియైన యోనాతాను యుద్ధములో కూలెను. బిడ్డ లోదెబారులో పరుల యింట పెరిగెను. యోనాతానుతో చేసిన నిబంధనను జ్ఞాపకము చేసికొని దావీదు అతని పిలిపించి, మూడు కార్యములు చేసెను. సౌలు భూమిని అతనికి తిరిగి యిచ్చెను. ఆ భూమిని సేద్యము చేయుటకు సీబాను, అతని పదునైదుగురు కుమారులను, ఇరువదిమంది దాసులను నియమించెను. రాజకుమారులలో ఒకనివలె తన బల్లయొద్ద అతనికి చోటిచ్చెను. భూమి, నిర్వాహకుడు, బల్ల: ఈ మూడును కలిసియుండవలెను. నిర్వాహకుడు లేని భూమి బీడగును. భూమి లేని బల్ల పరుల దయపై ఆధారపడును. బల్ల లేనిచో కడుపు నిండినను మనుష్యుడు ఒంటరియగును.

మొదటిది భూమి. "తమ్ముడు చూచుకొనునులే" అను నోటిమాట ఏర్పాటు కానేరదు. మన క్రైస్తవుల వీలునామాలకు 1925 నాటి భారత వారసత్వ చట్టము వర్తించును. వీలునామాపై ఇద్దరు సాక్షుల సంతకములు ఉండవలెను. ఆస్తిని నేరుగా బిడ్డ పేర వ్రాయుటయా, ఆ బిడ్డ పోషణకై ఒక ట్రస్టును ఏర్పరచుటయా అనునది న్యాయవాదిని సంప్రదించి నిర్ణయింపవలెను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబ పింఛను నిబంధనలలో, సంపాదించుకొనలేని వికలాంగ సంతానమునకు జీవితాంతము పింఛను లభించు అవకాశము కలదు. దానికి కావలసిన పత్రములను తలిదండ్రులు బ్రదికియుండగనే సిద్ధపరచవలెను.

రెండవది నిర్వాహకుడు. ఇక్కడ వాక్యము మనలను హెచ్చరించుచున్నది. అబ్షాలోము తిరుగుబాటు దినములలో సీబా తన యజమానునిపై నింద మోపెను. దావీదు మెఫీబోషెతు మాట వినకయే ఆస్తినంతయు సీబాకు ఇచ్చివేసెను. నిజము బయలుపడిన పిమ్మట కూడ సగమే తిరిగి వచ్చెను. మంచి ఏర్పాటు సహితము కావలి లేనియెడల చెడిపోవును గదా! 18 ఏండ్లు నిండిన బిడ్డకు చట్టరీత్యా సంరక్షకుని కోరు కుటుంబములకు 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము మార్గము చూపుచున్నది. జిల్లా కలెక్టరు స్థాయి అధికారి, నమోదైన సంస్థ ప్రతినిధి, వికలాంగుడైన ఒక వ్యక్తి కలిసిన స్థానిక కమిటీ సంరక్షకుని నియమించును. ఆ సంరక్షకుడు 6 నెలలలో స్థిరాస్తి జాబితాను, ప్రతి ఆర్థిక సంవత్సరాంతమున లెక్కలను అప్పగింపవలెను. అతడు నిర్లక్ష్యము చేసినను, సొమ్ము కాజేసినను, ఫిర్యాదుపై విచారించి తొలగించు వీలు కలదు. దావీదు చేసిన లోపమును మనము చేయకుందము. మాట రాని వ్యక్తికిని ఇష్టానిష్టములు కలవు. సైగతోనో, బొమ్మలతోనో, అక్షరములతోనో ఆయన చెప్పుదానిని ముందుగా విని పిమ్మట నిర్ణయించుదము.

మూడవది బల్ల. ఊరి వెలుపల గోడల మధ్య వందమందిని ఉంచు ఆశ్రమము బల్ల కాదు. ఎక్కడ, ఎవరితో నివసింపవలెనో ఎన్నుకొను హక్కు వికలాంగులకు కలదని 2006లో ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ప్రకటించెను. 2007లో మన దేశము దానిని ఆమోదించెను. నలుగురైదుగురు నివసించు చిన్న యిల్లు, ఆలయమునకు, అంగడికి నడచిపోదగిన వీధిలో ఉండుట మేలు. ఆటిజము గల అనేకులకు శబ్దము బాధాకరము, ఆకస్మికమైన మార్పు భయంకరము. కావున ప్రశాంతమైన గది, మారని దినచర్య, మాటిమాటికి మారిపోని సహాయకులు కావలెను. తల్లి మరణించిన దినముననే క్రొత్త యింటికి తరలించుట క్రూరమగును. తల్లిదండ్రులు జీవించియుండగనే వారమునకొక రాత్రి, పిమ్మట రెండు రాత్రులు అక్కడ గడపనియ్యవలెను. ఆ బిడ్డ ఏమి తినును, ఏ శబ్దమునకు చెవులు మూసికొనును, నొప్పిని ఎట్లు తెలుపును అనునవి తల్లికి మాత్రమే తెలిసియుండరాదు. ఒక పుస్తకములో వ్రాసి ఉంచవలెను.

సిలువపై మన ప్రభువు చేసిన దానిని తలంచుడి (యోహాను 19:26-27). ప్రాణము విడుచుటకు ముందు ఆయన తన తల్లికి ఇల్లు ఏర్పరచెను. ఆ మాట తల్లితోను శిష్యునితోను, ఇద్దరితోను చెప్పెను. శిష్యుడు ఆ గడియనుండియే ఆమెను చేర్చుకొనెను. లోక రక్షణ కార్యము నెరవేర్చుచున్న గడియలో ఒక యింటి ఏర్పాటు ఆయనకు అల్పమైనదిగా తోచలేదు. సంఘపెద్దలారా, మనకు మాత్రము అది అల్పమగునా? మీ సంఘములో ఇట్టి కుటుంబములు ఎన్ని కలవో ఈ సంవత్సరమే తెలిసికొనుడి. ప్రతి కుటుంబమునకు జీవితాంతము తోడుండు ఇద్దరు స్నేహితులను ఏర్పరచుడి. తోబుట్టువులపైననే భారమంతయు మోపకుడి. మిషను కాంపౌండులో ఖాళీగా ఉన్న ఇల్లు ఉన్నయెడల, దానిని ఎవరికి అద్దెకియ్యవలెనని అడుగుటకు ముందు, యోనాతాను సంతతివారెవరైన మిగిలియున్నారా అని అడుగుడి. ఆ తల్లి తన ప్రార్థనను మార్చుకొనగలుగునట్లు ఆమె చేతికి ఒక నిబంధనను ఇయ్యుడి.

ప్రార్థన: దిక్కులేనివారికి దిక్కైన తండ్రీ, మేము గతించిన తరువాతను మా బిడ్డలు నీవారేయని నమ్ముచున్నాము. ఆ నమ్మకమునకు గోడలును, పైకప్పును, నమ్మకమైన చేతులును నీ సంఘముద్వారా దయచేయుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.