యాత్రికుడి పుణ్యం, గుర్రం కడుపు

గౌరీకుండ్ నుంచి కేదారనాథ్ దాకా పదహారు కిలోమీటర్లకు పైగా ఎక్కుడు దారి. సుమారు రెండు వేల మీటర్ల ఎత్తున బయలుదేరిన మనిషి మూడున్నర వేల మీటర్లు దాటాక గుడి శిఖరం చూస్తాడు. ఆంధ్ర, తెలంగాణల నుంచి ఏటా వెళ్లే యాత్రికుల్లో నడవలేనివాళ్లు, నడవదలచుకోనివాళ్లు గుర్రాన్నో కంచరగాడిదనో మాట్లాడుకుంటారు. యాత్ర చేసిన పుణ్యం మనిషిది. నడక మాత్రం ఆ జంతువుది. దాని మేత, నీళ్లు, విశ్రాంతి యాత్రాధర్మంలో భాగమా, లేక కిరాయి చెల్లించడంతో తీరిపోయే బాకీయా? ఇది జంతుప్రేమికులకు వదిలేయాల్సిన విషయం కాదు, ధర్మానికి సంబంధించిన ప్రశ్న. నా మటుకు జవాబు స్పష్టం. మనల్ని మోసే ప్రాణిని చూసుకోవడం యాత్రలో భాగమే. పైగా ఆ చూసుకోవడం జాలిపడడంతో పూర్తి కాదు. దాని ఒంటికి ఏది సరిపడుతుందో తెలుసుకుని, దాన్ని రోజూ చెయ్యాలి. తెలియని దయ గుర్రం విషయంలో చాలాసార్లు హింసగానే పరిణమిస్తుంది.

ఎందుకంటే గుర్రం శరీరం మన శరీరం లాంటిది కాదు. అంత పెద్ద జంతువుకి జీర్ణాశయం చాలా చిన్నది. పది పదిహేను లీటర్లకు మించి పట్టదు. అందులో ఆమ్లం భోజనవేళకే కాదు, రాత్రింబవళ్లు ఊరుతూనే ఉంటుంది. పచ్చికబయలులో వదిలేస్తే గుర్రం రోజులో సగానికి పైగా మేస్తూనే గడుపుతుంది. నమిలేటప్పుడు ఊరే లాలాజలమే ఆ ఆమ్లాన్ని చల్లబరుస్తుంది. కాబట్టి పొద్దున ఒక డబ్బా, రాత్రి ఒక డబ్బా దాణా పోసి మధ్యలో ఖాళీ కడుపుతో కొండెక్కిస్తే కడుపులో పుళ్లు పడతాయి. గడ్డిలోని పీచును అరిగించేది వెనక పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు. వాటికి అలవాటు లేని గింజ ఒక్కసారిగా ఎక్కువ పడితే అక్కడ పులిసిపోయి విషం పుడుతుంది. దాంతో కడుపునొప్పి వస్తుంది, లేదా డెక్క లోపలి పొర వాచి గుర్రం అడుగు వెయ్యలేకపోతుంది. తిన్నది పడకపోతే మనిషి కక్కేస్తాడు. గుర్రానికి ఆ వీలు కూడా లేదు, దాని శరీరనిర్మాణం వాంతిని రానివ్వదు. అందుకే కడుపునొప్పి దానికి ప్రాణాంతకం. మూడు వందల కిలోల గుర్రానికి రోజుకి ఐదారు కిలోల ఎండు మేత కావాలి, అదీ రోజంతా కొద్దికొద్దిగా. పాతిక లీటర్ల దాకా నీళ్లు కావాలి. చెమటతో పోయిన ఉప్పు మళ్లీ అందాలి. ఉలవలు నానబెట్టో ఉడికించో పెట్టడం మన ప్రాంతంలో పాత అలవాటే. పని చేసే గుర్రానికి అది మంచి బలం కూడా. కాని గడ్డి తర్వాతే ఉలవలు, గడ్డికి బదులుగా కాదు.

ఇప్పుడు భక్తుడి చేతిలోని బెల్లంముక్కను చూడండి. గుడి దగ్గర దిగగానే కృతజ్ఞతతో ఎవరో బెల్లం పెడతారు, ఇంకొకరు రొట్టెలు, మరొకరు ప్రసాదం. ఎవరి మనసూ చెడ్డది కాదు. చిన్న ముక్క ఒకటి ఏమీ చెయ్యదు కూడా. కాని చెమటలు కక్కుతూ వచ్చిన జంతువుకి ఆ క్షణంలో కావలసింది నాలుగు అడుగులు మెల్లగా నడిపించడం, నీళ్లు, వీపు మీద కంబళి, ముందు ఇంత గడ్డి. పుణ్యం కోసం పెట్టే తిండి పెట్టేవాడి తృప్తినే చూసుకుంటుంది, తినేవాడి కడుపును చూడదు. ఈ తేడాకి మన దక్షిణాది చరిత్రలోనే గట్టి సాక్ష్యం ఉంది. 13వ శతాబ్దం చివర్లో కోరమాండల్ తీరానికి వచ్చిన మార్కో పోలో, పాండ్యరాజులు అరేబియా నుంచి ఏటా వేల గుర్రాలు తెప్పించుకునేవారని, అవి ఎక్కువకాలం బతికేవి కావని రాశాడు. ఉడికించిన అన్నంలో మాంసం కలిపి పెట్టేవారట. పర్షియన్ చరిత్రకారుడు వస్సాఫ్ వేయించిన గింజల్లో నెయ్యి కలిపి పెట్టడం, కాచిన ఆవుపాలు పట్టించడం గురించి చెప్పాడు. బయటివాళ్ల మాటల్లో కొంత అతిశయోక్తి ఉండొచ్చు. అయినా అందులో కనిపించేది పిసినారితనం కాదు. అన్నం, నెయ్యి, పాలు మన ఇళ్లలో శ్రేష్ఠమైన ఆహారం. ఆ శ్రేష్ఠతే గుర్రం పేగులకి పడలేదు. విజయనగరం గురించి రాసిన నూనిజ్ చెప్పింది ఇంకా బాధగా ఉంటుంది. సాళువ నరసింహరాయలు గుర్రాల్ని బతికున్నా చచ్చినా కొనేవాడు. సముద్రంలో చనిపోయిన గుర్రం తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రానికి ఇచ్చినంత సొమ్మూ ముట్టేది. డబ్బుకి లోటు లేదు, గుర్రం విలువ తెలియకా కాదు. కాని డబ్బు గుర్రాన్ని తెచ్చిపెడుతుందే తప్ప బతికించదు.

మన గ్రంథాలకి ఈ సంగతి తెలియక కాదు. ద్రోణపర్వంలో సైంధవ వధ రోజు గుర్తు తెచ్చుకోండి. సూర్యుడు అస్తమించేలోగా జయద్రథుణ్ణి చంపకపోతే అగ్నిలో దూకుతానని అర్జునుడు శపథం చేసి ఉన్నాడు. ఒక్కో ఘడియా ప్రాణంతో సమానం. అయినా గుర్రాలు అలిసిపోయాయని, బాణాల దెబ్బలు తిన్నాయని తెలియగానే యుద్ధం నడుమ రథం ఆగింది. అర్జునుడు నేల మీద నిలబడి శత్రువుల్ని ఆపుతూ బాణంతో నేల చీల్చి నీటి మడుగు తెప్పించాడు. కృష్ణుడు గుర్రాల్ని విప్పి, ఒంట్లో దిగిన బాణాలు తన చేత్తో లాగి, ఒళ్లు రుద్ది, నీళ్లు తాగించి, మేపి, అలసట తీరాకే మళ్లీ కట్టాడు. గీత చెప్పినవాడు చేసిన పని అది. ఇది యుద్ధ వ్యూహమే కదా, అలిసిన గుర్రాలతో గెలవలేడు కనక ఆగాడు, ఇందులో ధర్మం ఏముంది అని ఎవరైనా అనొచ్చు. లాభం ఉన్నంత మాత్రాన ధర్మం కాకుండా పోదు. సరే, లాభం అసలే లేని చోటు చూద్దాం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుడి అధ్యాయం ఉంది. సాల ఎలా కట్టాలి, గింజ ఎంత, ఉప్పు ఎంత, నూనె ఎంత, గడ్డి ఎంత అని అందులో లెక్కలుంటాయి. వైద్యం వికటించి రోగం ముదిరితే వైద్యుడికి జరిమానా ఉంది. ఆ అధ్యాయంలోనే యుద్ధంలోనో రోగంతోనో ముసలితనంతోనో పనికి రాకుండా పోయిన గుర్రాలకి తిండి పెట్టి పోషించాలని కూడా ఉంది. కౌటిల్యుడు జాలిగుండెవాడని ఎవరూ అనరు. ఆయన కూడా పని ఆగిపోయినంత మాత్రాన బాధ్యత ఆగదన్నాడు.

ఆ అధ్యాయమే ఆశ్వయుజ నవమి నాడు గుర్రాలకి నీరాజనం ఇవ్వమని కూడా చెబుతుంది. పూజ, మేత రెండూ పక్కపక్కనే ఉన్నాయి. దసరాకి గుర్రానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దండ వేసి, మిగతా ఏడాదంతా జీను కింది పుండు మీదే జీను బిగించడం ఆ పాఠాన్ని సగమే చదవడం. జైనులు దీన్ని ఇంకా సూటిగా పట్టుకున్నారు. గృహస్థుడి అహింసావ్రతానికి భంగం కలిగించే ఐదు దోషాల్ని ఉమాస్వాతి తత్త్వార్థసూత్రంలో చెప్పాడు. కట్టేయడం, కొట్టడం, అంగాలు కోయడంతో పాటు మోయలేనంత బరువు వేయడం, తిండి నీళ్లు అందనివ్వకపోవడం కూడా వాటిలో ఉన్నాయి. కత్తి ఎత్తితేనే హింస కాదు, నీళ్ల బకెట్ మరిచిపోయినా హింసే.

గట్టి ఆక్షేపణలు ఇంకా ఉన్నాయి. పశుజన్మ దాని పూర్వకర్మ ఫలం, మోయడం దాని రాత, మధ్యలో మనమెవరం అంటారు కొందరు. కర్మసిద్ధాంతం అది గుర్రంగా ఎందుకు పుట్టిందో చెప్పొచ్చు గాని, దాన్ని పస్తుంచి ఎక్కే హక్కు మనకివ్వదు. ఆ తర్కమే నిజమైతే రోగికి మందివ్వడం కూడా తప్పే కావాలి. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలోనే అశోకుడు మనుషులకీ పశువులకీ చికిత్స ఏర్పాటు చేశానని శిలల మీద చెక్కించాడు. ఆ శాసనం మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ ఉంది. దాని కర్మ సంగతి ఎలా ఉన్నా, దానిపట్ల మనం చేసేది మన కర్మ.

రెండో ఆక్షేపణ బరువైనది. గుర్రం నడిపేవాడు పేదవాడు, యాత్ర సాగేది ఏడాదిలో కొన్ని నెలలే, ఆ సంపాదనతోనే ఇల్లు గడవాలి. రోజుకి రెండు ట్రిప్పులు వెయ్యక ఏం చేస్తాడు? ముందు మనిషి, తర్వాతే జంతువు కదా? ఆరోగ్యంగా ఉన్న గుర్రమే అతని పెట్టుబడి అని సులువుగా చెప్పేయొచ్చు. కాని నిజాయితీగా చూస్తే, ఈ సీజన్ అప్పు తీర్చాల్సినవాడికి వచ్చే ఏటి గుర్రం లెక్కలోకి రాదు. అందుకే ఈ భారం మొత్తం అతని మీద మోపడం అన్యాయం. బేరమాడి కిరాయి తగ్గించుకున్న ప్రతి యాత్రికుడూ రెండో ట్రిప్పుకి కారకుడే. దారి పొడుగునా నీటితొట్లు, రాత్రికి పొడి చోటు, పశువైద్యుడు ఉండేట్టు చూడాల్సింది ప్రభుత్వమూ, యాత్ర నిర్వహించేవాళ్లూ. 2025 మే నెలలో గుర్రాలు, కంచరగాడిదలు వరసగా చనిపోయి కేదార్ దారిలో వాటి రాకపోకలు ఆపాల్సి వచ్చింది. అలసిన శరీరాలు ఒకే తొట్టిలో నీళ్లు తాగే చోట అంటురోగం ఎంత త్వరగా పాకుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అన్నిటికన్నా ఉదాత్తమైన ఆక్షేపణ మూడోది. అసలు ఎక్కడమే మానెయ్యాలి, మంచి మేత పెట్టి వీపెక్కడం కూడా బానిసత్వమే అంటారు. దీన్ని తేలిగ్గా తీసెయ్యలేను. నడవగలిగినవాడు ఆ కొండ నడిచే ఎక్కాలని నేనూ అంటాను. కాని ఎక్కడం మానేస్తే బాధ్యత తీరిపోదు. వేల ఏళ్లుగా మనిషి పెంపకంలో మారిన జాతి ఇది. కదలకుండా కట్టేసిన గుర్రం కూడా జబ్బు పడుతుంది. అడుగు పడినప్పుడల్లా డెక్క నొక్కుకుని నెత్తురు పైకి తోస్తుంది. నడక ఉంటేనే పేగులు సరిగా కదులుతాయి. ఒంటరిగా సాలలో నిలబెడితే కొయ్య కొరుకుతూ, తల ఊపుతూ పిచ్చిదైపోతుంది. దానికి కావలసింది మితమైన పని, మొదట మెల్లగా, చివర మెల్లగా, మధ్యలో తోటి గుర్రాల సావాసం. డెక్క నెలకి సెంటీమీటరు దాకా పెరుగుతుంది కనక ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కి లాడం మార్చాలి. పళ్లు జీవితాంతం పైకి వస్తూ అంచులు కోసుగా తయారవుతాయి కనక ఏడాదికోసారైనా అరగదీయించాలి. లేకపోతే ఎదుట ఎంత మేత ఉన్నా నమల్లేక చిక్కిపోతుంది. ఇవన్నీ దాని తరఫున మనమే కనిపెట్టాలి. వేటాడే జంతువులకి భయపడి బతికిన జాతి కాబట్టి గుర్రం నొప్పిని చివరిదాకా దాచుకుంటుంది.

కాబట్టి కొండ కింద బేరం మాట్లాడే ముందు ఒక్క నిమిషం ఆ జంతువు వైపు చూడండి. జీను ఎత్తించి వీపు చూడండి, పుండుంటే ఎక్కొద్దు. కుంటుతోందేమో నాలుగు అడుగులు నడిపించమనండి. ఈ రోజు ఇది ఎన్నో ట్రిప్పో, ఎప్పుడు మేసిందో, ఎప్పుడు నీళ్లు తాగిందో అడగండి. 1965లో కేంద్రం చేసిన నిబంధనల ప్రకారం పొట్టి గుర్రం మీద 70 కిలోలకు మించి వేయకూడదు. రోజుకి తొమ్మిది గంటలకు మించి గాని, విరామం లేకుండా ఐదు గంటలకు మించి గాని బరువు మోసే జంతువుతో పని చేయించకూడదు. మీ బరువు, మీ సంచి బరువు కలిపి లెక్క వేసుకోండి. ఎక్కువైతే సంచి వేరే పంపండి, లేదా నడవండి. దారిలో దాన్ని ఆపి నీళ్లు తాగించినందుకు పట్టే సమయానికి కూడా కిరాయి ఇస్తానని గుర్రం యజమానికి ముందే చెప్పండి.