ఎదురొచ్చే కారు

చీర కొనాలంటే నలుగుర్ని వెంటబెట్టుకుని నాలుగు దుకాణాలు తిరుగుతాం. వంకాయలు కొనాలన్నా ఒక్కొక్కటీ తిప్పి తిప్పి, పుచ్చుందేమో చూసి మరీ సంచీలో వేసుకుంటాం. పసివాడి చేతికిచ్చే బొమ్మ దగ్గరికొచ్చేసరికి మాత్రం మన తెలివితేటలన్నీ ఎక్కడికి పోతాయో! పుట్టినరోజు పార్టీకి వెళ్తూ వెళ్తూ దారిలో ఆటో ఆపించి, "మగపిల్లాడు, నాలుగేళ్ళుంటాయి, అయిదొందల్లో ఏదైనా చూడు బాబూ" అంటాం. కొట్లో కుర్రాడు ఆలోచించనైనా ఆలోచించడు. పై అరలోంచి ఒక రిమోటు కారు దింపి, రంగుకాగితం చుట్టి ఇచ్చేస్తాడు. పావుగంటలో మన పని అయిపోతుంది.

నాకో స్నేహితురాలుంది. కాలేజీలో ఫిలాసఫీ చెబుతుంది. రిమోటు కారు పేరెత్తితే చాలు, ఒప్పుకోదు. "ముద్ద కలుపుకుని తినడం కూడా సరిగ్గా రానివాడి చేతికి అధికారం ఇస్తారటే? తను కూర్చున్నచోటు నుంచి కదలకుండా ఇంకొకదాన్ని పరిగెత్తించడం, ఆపడం, గోడకేసి కొట్టడం! ఇది నేర్పదగ్గ విద్యేనా?" అంటుంది.

వినగానే నవ్వొచ్చింది. ప్లాస్టిక్ కారుకి ఇంత వేదాంతమా అనుకున్నాను. కానీ పిల్లలు ఆడుకోవడం కాస్త దగ్గరగా చూసినకొద్దీ, ఆ ప్రశ్నని నవ్వేసి వదిలెయ్యలేకపోయాను.

వెనకటికి పల్లెటూళ్ళలో వేసవికాలం వస్తే పిల్లలకి ముంజెకాయల బండే కారు. ముంజెలు తినేసిన కాయలు రెండు తీసుకుని, వాటి మధ్య ఒక పుల్ల గుచ్చి, పొడుగాటి పంగల కర్ర ఆనించి తోసుకుంటూ పోతే అదే బండి. ఆ బండికీ పిల్లవాడికీ మధ్య దూరం కర్ర పొడుగంతే. బండి రాయెక్కితే ఆ అదురు చేతికి తెలుస్తుంది. ఇసకలో దిగబడితే భుజానికి తెలుస్తుంది. బండి ఎంత దూరం పోతే వాడూ అంత దూరం పరిగెత్తాల్సిందే.

రిమోటు కారు అలా కాదు. అది వెళ్ళి బామ్మగారి కాలి మడమకి తగిలితే, "అబ్బా" అన్నది బామ్మగారే. పిల్లవాడి వేలికి ఏమీ తెలియదు. మీట మెత్తగానే ఉంటుంది. పైగా ఆవిడ ఉలిక్కిపడటం చూసి వాడికి నవ్వొస్తుంది. మళ్ళీ నొక్కుతాడు. వాడు చెడ్డవాడు కాడు. నొప్పి వాడిదాకా రాలేదు, అంతే.

దూరంనుంచి నడిపించే ఈ విద్య మొదలైన తీరు చూస్తే మా స్నేహితురాలి భయం మరీ విడ్డూరమనిపించదు. 1898 లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్లో నికొలా టెస్లా ఒక చిన్న పడవని నీళ్ళమీద వదిలి, తీగ అన్నది లేకుండా రేడియో తరంగాలతో నడిపి జనాన్ని ఆశ్చర్యపరిచాడు. మన పిల్లల కార్లన్నిటికీ ఆ పడవ తాతమ్మ అనుకోవచ్చు. అయితే ఆయన పిల్లల ఆట కోసం చెయ్యలేదది. ఆ ఏడాదే పుచ్చుకున్న పేటెంటులో, దీని అసలు విలువ యుద్ధాల్లో తెలుస్తుందనీ, ఇది చెయ్యగల వినాశనానికి జడిసి దేశాలన్నీ శాంతిగా ఉంటాయనీ రాశాడు. ఆయన ఆశపడ్డ శాంతి సంగతేమిటో మనం రోజూ పేపర్లో చూస్తూనే ఉన్నాం. మనిషెక్కని విమానాలు వచ్చాయి. మీట నొక్కేవాడు ఒక దేశంలో ఉంటాడు, ఇల్లు కూలేది ఇంకో దేశంలో.

అయితే రిమోటు కారు కొనొద్దనా నేననేది? కాదు. ఎందుకంటే మా స్నేహితురాలు ఆ కారు వెళ్ళడం మాత్రమే చూసింది. తిరిగి రావడం చూడలేదు.

మా చెల్లెలి కూతురికి ఆరేళ్ళు. ఒక మధ్యాహ్నమంతా అది కారు నడుపుతుంటే వసారాలో కూర్చుని చూశాను. కారు తననుంచి దూరంగా పోతున్నంతసేపూ బ్రహ్మాండంగా నడిపింది. కుడి మీట నొక్కితే కుడికి, ఎడమ మీట నొక్కితే ఎడమకి. గేటుదాకా వెళ్ళాక కారు వెనక్కి తిరిగి ఇటు రావడం మొదలుపెట్టింది. దారిలో తులసికోట. కుడిపక్కకి తప్పిద్దామని పిల్ల కుడి మీట నొక్కింది. కారు తన కుడికే తిరిగింది. కానీ ఎదురుగా వచ్చే కారుకి కుడి అంటే పిల్లకి ఎడమ కదా! వెళ్ళి తులసికోటకి కొట్టుకుంది.

"పాడైపోయింది పెద్దమ్మా! చెప్పినమాట వినడం లేదు" అంది.

ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? మన ఇళ్ళల్లో రోజుకి పదిసార్లు వినిపించే మాటే. నిజానికి కారు చెప్పినమాట అక్షరాలా విన్నది. చెప్పినవాళ్ళ కుడీ, విన్నవాళ్ళ కుడీ ఒకటి కాదు. అంతే తేడా.

పిల్ల మళ్ళీ మళ్ళీ ప్రయత్నించింది. రెండుసార్లు కారు వెనక్కి పరిగెత్తి చూసింది. ఆయాసం వచ్చింది. చివరికి ఒక విచిత్రమైన పని చేసింది. కారుకేసి వీపు తిప్పి నిలబడి, మెడమాత్రం వెనక్కి తిప్పి చూస్తూ మీటలు నొక్కింది. కారు తులసికోటని ఒరుసుకోకుండా చక్కగా ఇంట్లోకొచ్చింది.

"ఏమిటే ఆ నిలబడ్డం?" అని అడిగాను.

"కారు ఎటు చూస్తోందో నేనూ అటే చూస్తున్నా" అంది.

ఎవరు నేర్పారు దానికి? కారే నేర్పింది. స్విట్జర్లాండుకి చెందిన పియాజే అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరి ఇన్‌హెల్డర్ చేసిన ఒక పరీక్ష ప్రసిద్ధమైనది. 1948 లో పుస్తకంగా వచ్చింది. బల్లమీద మూడు కొండల నమూనా పెట్టి, అవతలి పక్కన ఒక బొమ్మని ఉంచి, ఆ బొమ్మకి కొండలు ఎలా కనిపిస్తాయో చెప్పమని పిల్లల్ని అడిగారు. చిన్నపిల్లలు చాలామంది, తమకెలా కనిపిస్తున్నాయో బొమ్మకీ అలాగే కనిపిస్తాయన్నట్టు చెప్పారు. తర్వాతి పరిశోధకులు కొండల బదులు, పోలీసుకి కనపడకుండా దాక్కునే పిల్లవాడి బొమ్మని పెట్టి అడిగితే నాలుగేళ్ళవాళ్ళు కూడా సరిగ్గానే చెప్పారట. అంటే ఎదుటివాడి చోటునుంచి చూడటమనేది పిల్లలకి బొత్తిగా రాని విద్య కాదు. దానికో ఆట కావాలి. అవసరం కలగాలి. ఎదురొచ్చే కారు ఆ అవసరం కలిగిస్తుంది.

ఇక్కడ ఆగి, రిమోటు పట్టుకున్న పెద్దవాళ్ళ సంగతి కాస్త ఆలోచిద్దాం. పిల్లలు చిన్నగా ఉన్నంతకాలం మన ముందర, మనం చూసేవైపే నడుస్తారు. మన కుడి వాళ్ళకీ కుడే. ఒకరోజు వాళ్ళు వెనక్కి తిరిగి మనకి ఎదురుగా నిలబడతారు. ఇంటరులో ఏ గ్రూపు తీసుకోవాలన్న దగ్గరో, పెళ్ళి మాటలు వచ్చినప్పుడో అది బయటపడుతుంది. మనం పాత అలవాటుకొద్దీ అదే మీట ఇంకాస్త గట్టిగా నొక్కుతాం. కారు గోడకి కొట్టుకుంటుంది. "చెప్పినమాట వినడం లేదు" అంటాం. ఆరేళ్ళ పిల్లకి తట్టిన ఉపాయం, వాళ్ళు ఎటు చూస్తున్నారో ఒక్కసారి మనమూ అటు తిరిగి చూడటం, మనకి తట్టదు.

అయితే పోలిక అక్కడితో సరి. బొమ్మకారులో సీటు ఖాళీగా ఉంటుంది, మనసులో మనమే వెళ్ళి కూర్చోవచ్చు. పిల్లల విషయంలో ఆ సీట్లో ఎవరో ముందే కూర్చుని ఉన్నారు. మనం పక్కన కూర్చుని దారి చూడగలమేగాని, వాళ్ళని లేపి స్టీరింగు పుచ్చుకోలేం.

ఇంకో తమాషా ఉంది. పాతరకం కార్లు, ఇప్పటికీ చవకరకాల్లో కొన్ని, 27 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. ఒకే రకం కార్లు రెండు ఒక ఇంట్లో ఉన్నాయో, అన్నయ్య మీట నొక్కితే తమ్ముడి కారు కూడా కదులుతుంది. ఇద్దరూ ఒకేసారి నొక్కితే ఏ కారు ఎటు పోతుందో చెప్పలేం. అమ్మ ఒక మాటా, నానమ్మ ఒక మాటా చెప్పే ఇంట్లో పసివాడి పరిస్థితి అచ్చం ఇదే. వాణ్ణి మొండివాడనుకుంటాం. పాపం, వాడు రెండు రిమోట్ల మధ్య కొట్టుకుంటున్నాడు. ఇప్పుడొచ్చే 2.4 గిగాహెర్ట్జ్ కార్లు తమ రిమోటు మాట తప్ప ఇంకొకరిది వినవు. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే అవే కొనడం మంచిది. పెద్దవాళ్ళ విషయంలో ఆ సౌకర్యం ఇంకా రాలేదు!

ఆడపిల్లల సంగతి. కొట్లో మనం అడిగే మాటే చూడండి, "మగపిల్లాడికి". ఆడపిల్ల అంటే వంటసామాను సెట్టో, జుట్టున్న బొమ్మో దిగుతుంది. ఎదుటివాళ్ళకి కుడి ఏదో ఎడమ ఏదో ఆలోచించడం మన ఆడపిల్లలకి వేరే నేర్పక్కర్లేదు. నాన్నకి కోపంగా ఉందేమో చూడు, తమ్ముడికి ఆకలేమో చూడు, వచ్చినవాళ్ళు ఏమనుకుంటారో చూడు, అంటూ పెంచుతాం. వాళ్ళకి లేనిదల్లా చేతిలో మీట. మగపిల్లలకి మీట చాలా ముందే ఇస్తాం, తిరిగి చూసే విద్య మాత్రం నేర్పం. అంచేత ఈ కారు ఇద్దరికీ కావాలి, ఒకరికి ఒక కారణానికి, ఇంకొకరికి ఇంకో కారణానికి.

బొమ్మ ఇచ్చేటప్పుడు మనల్ని మనం అడగవలసిన మాట ఇంకొకటుంది. ఇది ఎవరి కోసం? శూద్రకుడి మృచ్ఛకటికం మీకు గుర్తుండే ఉంటుంది. పక్కింటి పిల్లవాడి బంగారు బండితో ఆడుకున్న చారుదత్తుడి కొడుకు రోహసేనుడు, ఇంట్లో ఇచ్చిన మట్టిబండి వద్దని ఏడుస్తాడు. వసంతసేన కరిగిపోయి తన నగలన్నీ తీసి ఆ మట్టిబండి నింపుతుంది, బంగారు బండి చేయించుకోమని. అందులో ఉన్నది దయే కాదు, ఆ పిల్లవాడికి అమ్మ అనిపించుకోవాలన్న ఆమె ఆరాటం కూడా. తర్వాత ఆ నగలే న్యాయస్థానంలో బయటపడి, చారుదత్తుణ్ణి వధ్యస్థలందాకా తీసుకెళ్తాయి. పిల్లల బండిలో మన కోరికలు నింపితే అది మోయలేనంత బరువవుతుంది.

మూడేళ్ళవాడికి గంతులేసే పెద్ద కారు కొని, "నీకు రాదు, ఇలా తే" అంటూ తండ్రి నడుపుతూ, వాడు పక్కన నిలబడి చూస్తూ ఉండే ఇళ్ళు ఎన్ని లేవు? ఆ తండ్రికి చిన్నప్పుడు అలాంటి కారు దొరకలేదేమో. నిక్షేపంగా తన కోసం ఇంకోటి కొనుక్కోవచ్చు. ఎవరూ ఏమీ అనరు.

పిల్లవాడి కోసమే అయితే ఎంచుకోవడం కష్టం కాదు. మూడు, నాలుగేళ్ళవాళ్ళకి రెండే మీటలున్నది చాలు. ఒకటి ముందుకి పోవడానికి, రెండోది వెనక్కి వస్తూ తిరగడానికి. అయిదారేళ్ళు వచ్చాక నాలుగువైపులా తిరిగేది. వేగం తక్కువుండాలి, చక్రాలు పెద్దవుండాలి, అంచులు గుండ్రంగా ఉండాలి. కంటికి గుచ్చుకునే తీగ యాంటెనా వద్దు. పెట్టె మీద ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో ఇలాంటి బొమ్మలకి అది తప్పనిసరి. బేటరీ మూతకి స్క్రూ ఉందో లేదో వేలితో తడిమి మరీ చూడండి. చిన్న రిమోట్లలో బొత్తాంలాంటి బిళ్ళ బేటరీ ఉంటే పసివాళ్ళున్న ఇంటికి ఆ కారు తీసుకెళ్ళకండి. అది మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోపే లోపల కాల్చేస్తుంది. అలాంటి అనుమానం వస్తే తెల్లవారనిద్దాం అనుకోకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

కొనిచ్చాక మనం చెయ్యవలసింది ఒకటే, చూస్తూ ఊరుకోవడం. కారు మంచంకోడుకి కొట్టుకుంటుంది, కొట్టుకోనివ్వండి. ఎవరి కాలికైనా తగిలితే మాత్రం ఆట ఆపించి, వాణ్ణి వాళ్ళ దగ్గరికి నడిపించి, ఎక్కడ తగిలిందో చూపించండి. వేలికి తెలియనిది కళ్ళకి తెలియాలి. ఎదురొచ్చే కారు ఎడమకి పోబోయి కుడికి పోయిందని వాడు ఏడుపు మొహం పెడితే, రిమోటు లాక్కుని చూపించకండి. కాసేపు పోతే వాడే వీపు తిప్పి నిలబడతాడు.

ఇంతా విని మా స్నేహితురాలు, "సరేలే, ఆరేళ్ళు దాటాక కొనమను" అని ఒక మెట్టు దిగింది. నాలుగేళ్ళకే కొంటే తప్పేమిటని నేను. ఆ వాదన ఇంకా తేలలేదు.

అన్నట్టు, చాలా కార్లకి బేటరీలు పెట్టెలో ఇవ్వరు. విడిగా కొనడం మర్చిపోకండి. పుట్టినరోజు పూట రంగుకాగితం విప్పాక ఆ సంగతి బయటపడితే ఆ ఇంట్లో ఏ వేదాంతమూ పనిచెయ్యదు.