చేతిలోని పని, మనస్సులోని స్మరణ: ఆలూరు ప్రాంత దాస సంప్రదాయం ఆధారంగా ఒక నైతిక విచారణ

నిత్యకృత్యాల నడుమ భగవంతుణ్ణి మరవకుండా ఉండటం భక్తి సంప్రదాయాలు కోరే సాధనల్లో ముఖ్యమైనది. భగవద్గీత ఎనిమిదో అధ్యాయం స్మరణను, యుద్ధాన్ని ఒకే ఆదేశంలో జోడించింది. ఈ జోడింపులో ఒక చిక్కు ఉంది. పని చేసేవాడి పూర్తి శ్రద్ధను పని కోరుతుంది. స్మరణ కూడా అంతే శ్రద్ధను కోరుతుంది. ఒకే మనస్సు రెండింటికీ పూర్తిగా ఎలా చెందగలదు? ఈ ప్రశ్నకు ఆలూరు ప్రాంతంతో ముడిపడిన దాస సంప్రదాయం ఒక సమాధానాన్ని సూచిస్తుంది. ఆ సమాధానాన్ని, దానికి ఉన్న హద్దును పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, రాయదుర్గం తాలూకాలతో పాటు ఆలూరు తాలూకా కూడా బళ్లారి జిల్లా నుంచి ఆంధ్రలోకి వచ్చింది. తెలుగు, కన్నడం కలిసి బతికే ఈ సరిహద్దు నేల దాస సాహిత్యానికి పరాయిది కాదు. కన్నడంలో సుళాదులు, పదాలు రచించిన విజయదాసు (1682–1755) చివరి కాలం గడిపినది ఆలూరుకు సమీపంలోని చిప్పగిరిలోనే. ఉత్తరాన తుంగభద్ర ఒడ్డున రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశం చేసిన మంత్రాలయం ఉంది. తెల్లవారుజామున తంబురా పట్టి, గజ్జె కట్టి, పాడుతూ ఇంటింటికీ యాయవారం వెళ్లడం దాసుల దినచర్య. పొట్టకూటికి చేసే పనికి, పూజకు మధ్య గీత గీయడం అక్కడే కష్టమవుతుంది.

ఈ జీవనవిధానం వెనుక మధ్వ సిద్ధాంతం ఉంది. ఆ సిద్ధాంతంలో జీవుడు కర్తే. కాని స్వతంత్ర కర్త కాడు. అతని కర్తృత్వం హరి అధీనం. కనుక పనిలో దైవాన్ని స్మరించడమంటే పనికి తోడు మరొక ఆలోచనను తెచ్చి పెట్టుకోవడం కాదు. చేసే శక్తి తనది మాత్రమే కాదన్న ఎరుకతో ఆ పనినే చేయడం. విజయదాసు శిష్యుడు గోపాలదాసుకు శిష్యుడైన జగన్నాథదాసు తన హరికథామృతసారంలో భోజనానికి ఒక ప్రత్యేక సంధినే కేటాయించాడు. విస్తరిలోని ఒక్కొక్క పదార్థంలో భగవద్రూపాన్ని, అధిష్ఠాన దేవతను తలచుకోవాలన్నది ఆ సంధి బోధ. ఇక్కడ మనస్సు విస్తరిని విడిచి మరెక్కడికో పోదు. విస్తరిలోకే మరింత లోతుగా దిగుతుంది. శ్రద్ధ రెండుగా చీలదు కనుక మొదటి చిక్కు చాలావరకు విడిపోతుంది. రాఘవేంద్రస్వామి కాలానికే చెందిన పారిస్ కార్మెలైట్ మఠ సోదరుడు లారెన్స్ (1614–1691) కూడా వంటశాల పనిలోనే ఈ సాధనను అభ్యసించాడు. పొయ్యి దగ్గరి సమయానికి, ప్రార్థన సమయానికి తేడా లేదన్నది అతని అనుభవం.

అయితే ఎరుక ఒక్కటే చాలా? రాఘవేంద్రస్వామి పూర్వాశ్రమానికి సంబంధించిన ప్రసిద్ధ కథనం ఈ ప్రశ్నను ముందుకు తెస్తుంది. అప్పట్లో ఆయన వేంకటనాథుడనే పేద గృహస్థు. ఒక ఇంట జరిగిన సంతర్పణకు వెళ్తే, ఊరికే కూర్చోబెట్టి అన్నం పెట్టడమెందుకని గంధం తీసే పని అప్పగించారు. ఆయన అగ్నిసూక్తాన్ని మననం చేస్తూ సానపై గంధం అరగదీశాడు. దానిని పూసుకున్న అతిథుల ఒళ్లు మండింది. సంగతి తెలిసి వరుణసూక్తం జపిస్తూ మళ్లీ గంధం తీయగా, ఆ మంట చల్లారింది. ఇంటివారు తమ తప్పు తెలుసుకుని క్షమాపణ కోరారు.

ఈ కథను సాధారణంగా మంత్రమహిమకు ఉదాహరణగా చెబుతారు. పని వైపు నుంచి చదివితే అందులో రెండు మరపులు కనిపిస్తాయి. పని చెప్పినవారు గంధాన్ని చూశారు, తీసే మనిషిని చూడలేదు. తీసినవాడు మంత్రాన్ని తలచాడు, ఆ గంధం పూసుకోబోయే మనిషిని తలచలేదు. రెండోసారి సూక్తం మారడానికి కారణం ఎదుటివారి ఒంటి మంట. అంటే స్మరణ పని పక్కన నిలబడి ఉండదు, పనిలోకి దిగి దాని ఫలంతో పాటు మరొకరిని చేరుతుంది. ఆ మరొకరిని కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడే స్మరణ పూర్తవుతుంది.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. పనిలోనే దైవం ఉన్నాడన్న మాట, పని చేయించుకునేవాడి నోట ఎంతో అనుకూలమైన మాట. వానలు తప్పిన ఏడు ఆలూరు పల్లెల నుంచి కుటుంబాలు సుగ్గికి పోతాయి. పొరుగు జిల్లాల్లో పత్తి తీస్తాయి, మిరపకాయలు కోస్తాయి. వారికి ఆ పనే పూజ అని బోధించి కూలి తగ్గిస్తే, భక్తి పెత్తనానికి పనిముట్టు అవుతుంది. పైగా సంప్రదాయం ప్రతి పనినీ అంటిపెట్టుకుని ఉండమనలేదు. తాళ్లపాక చిన్నన్న అన్నమాచార్య చరిత్రం ప్రకారం, గడ్డి కోస్తుండగా వేలు తెగినప్పుడు అన్నమయ్య ఆ పనిని, ఇంటిని విడిచి తిరుమల దారి పట్టాడు. స్మరణ పనిలో నిలిపే శక్తి అయినట్టే, పనిని వదిలించే శక్తి కూడా.

గంధం కథ ఈ ఆక్షేపణకు లొంగకపోవడం గమనించదగినది. అందులో స్మరణ పనివాణ్ణి మరింత అణగినవాణ్ణి చేయలేదు; అంతవరకు కనబడని అతన్ని అందరికీ కనబడేలా చేసింది. ‘పనే దైవం’ అన్నది ఎవరికి వారు చెప్పుకోదగిన మాట. ఎదుటివాడిపై రుద్దదగినది కాదు. యజమానికి దాని నుంచి పుట్టేది హక్కు కాదు, బాధ్యత. తన కర్తృత్వం హరి అధీనమైతే, తన చేను దున్నేవాడి కర్తృత్వమూ హరి అధీనమే. అది తనకు అధీనం కాదు. మధ్వ సిద్ధాంతం నుంచి ఈ నైతిక పర్యవసానాన్ని తీయడం అసంగతం కాదు.

కనుక నిత్యకృత్యాల్లో దైవస్మరణకు గీటురాయి, పని వేళ ఎన్నిసార్లు నామం తలచామన్నది కాదు. ఆ పని చేతులు మారి చేరే మనిషిని, దానిని మన కోసం చేసే మనిషిని ఎంతవరకు మరవకుండా ఉన్నామన్నది. మనిషిని మరచిన స్మరణ వేంకటనాథుడంతటివాడు తీసినా మండే గంధమే అవుతుంది.