అడుగక తీసికొన్న మేలు



గడచిన వేసవిలో మేము ఒక గ్రామ సంఘమును దర్శించినప్పుడు, ఆరాధన ముగిసిన పిమ్మట ఒక సహోదరి మా యొద్దకు వచ్చెను. ఆమె భర్తకు కొన్ని సంవత్సరముల క్రిందట రక్త క్యాన్సరు వచ్చినది. ఆయన ప్రతి దినము భోజనముతో ఒక బిళ్ల మ్రింగి పొలము పనికి పోవుచున్నాడు. "అయ్యగారూ, మనుష్యుల శరీరములలోనుండి తీసిన కణములను సీసాలలో పెంచి, వాటిమీద ఇట్టి మందులను పరీక్షించుదురని మా అబ్బాయి చెప్పుచున్నాడు. ఆ మనుష్యులను అడిగియే తీసిరా? అడుగకుండ తీసినదైతే ఆ మేలును మేము అనుభవించుట న్యాయమేనా?" అని ఆమె అడిగెను. అప్పుడు మేము తిన్నగా జవాబు చెప్పలేకపోతిమి. ఆ ప్రశ్న మాతోకూడ ఇంటికి వచ్చినది.

మొదట ఆ పని ఎట్టిదో తెలిసికొందము. మన శరీరము లెక్కకు మించిన సూక్ష్మ కణములతో కట్టబడియున్నది. కణము ఎప్పుడు రెండుగా చీలవలెనో, ఎప్పుడు ఊరకుండవలెనో దానిలోపల ఆజ్ఞలు నడచుచుండును. ఆ ఆజ్ఞలను అందించు పనివారిలో కైనేజులు అను మాంసకృత్తులు ముఖ్యమైనవి. మానవ శరీరములో ఇవి 500కు పైగా రకములు కలవు. ఫాస్ఫేటు అను మాట ఎరువు వేయు రైతునకు క్రొత్తది కాదు. కైనేజు ఒక ఫాస్ఫేటు రేణువును వేరొక మాంసకృత్తునకు తగిలించును. అనేక పర్యాయములు దానివలననే అది మేలుకొని పని మొదలుపెట్టును. కైనేజు చెరువు తూమును కనిపెట్టియుండు నీరుకట్టువానివంటిది. అతడు వేళకు తూము మూసినయెడల చేను పండును. మతి తప్పి రాత్రింబగళ్లు తెరచియుంచినయెడల చేను మునిగిపోవును. క్యాన్సరులలో అనేకములు ఇట్లు మూతపడని తూమువలన పెరుగుచున్నవి.

1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమందు పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనువారు ఒక విధమైన రక్త క్యాన్సరు గలవారి కణములలో పొట్టిదైన క్రోమోజోము నొకదానిని కనుగొనిరి. రెండు క్రోమోజోములు తమ ముక్కలను మార్చుకొనుటవలన అది కలిగినదని 1973లో జానెట్ రౌలీ అను వైద్యురాలు తెలియజేసెను. మూతపడని కైనేజు ఆ అతుకులోనే పుట్టుచున్నది. దానిని ఆపు మందు కొరకు వెదకుచు, పరిశోధకులు ఆ చెడిన జన్యువును కణములలో చొప్పించి పెంచిరి. మందు వేయగా, జన్యువు చొప్పించిన కణముల పెరుగుదల ఆగెను. చొప్పించని కణములకు హాని కలుగలేదు. బ్రయన్ డ్రూకర్ అను వైద్యుడును అతని తోటివారును 1996లో ఈ సంగతి ప్రకటించిరి. 2001లో ఇమాటినిబ్ అను ఆ మందునకు అమెరికాలో అనుమతి దొరకెను. మన సహోదరుడు మ్రింగుచున్న బిళ్ల అదియే. నేడును మానవ కణములలో ఒక్కొక్క కైనేజు జన్యువును చేర్చియో, తీసివేసియో, మార్చియో, ఏ మందు దేనిని ఆపునో చూచుచున్నారు.

అయితే మనుష్యుని కణములు శరీరము వెలుపల ఎడతెగక బ్రదుకగలవని లోకమునకు మొట్టమొదట ఎట్లు తెలిసెను? దాని వెనుక ఒక స్త్రీ యున్నది. ఆమె పేరు హెన్రియెట్టా లాక్స్. ఆమె వర్జీనియా రాష్ట్రములో పొగాకు చేలలో పనిచేసి పెరిగిన నల్లజాతి స్త్రీ. అయిదుగురు బిడ్డల తల్లి. 1951లో గర్భాశయ ముఖద్వారమున క్యాన్సరుతో బాల్టిమోరు నగరములోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి వెళ్లెను. ఆ దినములలో నల్లవారికి అక్కడ వేరు వార్డు. చికిత్స చేయుచు వైద్యులు ఆ పుండులోనుండి ఒక ముక్క తీసి జార్జి గై అను పరిశోధకుని ప్రయోగశాలకు పంపిరి. ఆమెను అడుగలేదు. అంతకుముందు తెచ్చిన కణములన్నియు కొద్ది దినములలో చచ్చిపోయెను గాని, ఇవి సుమారు ఒక దినమునకు రెండింతలగుచు నిలిచెను. ఆమెయైతే అదే సంవత్సరము అక్టోబరు 4వ తేదీన, 31 యేండ్ల ప్రాయమున మృతినొందెను. ఆమె సమాధిమీద 2010 వరకు పేరు చెక్కిన రాయియైనను లేదు.

ఆ కణములకు ఆమె పేరులోని అక్షరములను కలిపి 'హీలా' అని పేరు పెట్టిరి. పోలియో టీకామందును పరీక్షించుటకు అవి తోడ్పడెను. నేటికిని దేశదేశముల ప్రయోగశాలలలో పెరుగుచున్నవి. కైనేజుల పరిశోధనయందును వాడబడుచున్నవి. గై వాటిని ఇతర పరిశోధకులకు ఉచితముగానే పంచిపెట్టెను. పిమ్మట కంపెనీలు వాటిని అమ్ముకొనెను. ఆమె బిడ్డలకు ఈ సంగతి 1973 ప్రాంతమున గాని తెలియలేదు. వారిలో కొందరికి వైద్య బీమా కట్టుకొను శక్తియు లేకపోయెను.

ఈ సంగతినిగూర్చి ఇద్దరు ఇద్దరుగా మాటలాడుదురు. పారవేయదగిన పుండు ముక్క కొరకు ఇంత విచారమెందుకు, లక్షలమందికి మేలు కలిగెను గదా అని ఒకరందురు. అన్యాయముగా మొదలైన పని గనుక దాని ఫలమంతయు అపవిత్రమని మరియొకరందురు. మొదటివాడు మేలును చూపి మనిషిని మరచుచున్నాడు. రెండవవాడు ఆ మాటను రోగి మంచము ప్రక్కన నిలిచి చెప్పగలడా?

దావీదు అదుల్లాము గుహలోనుండి, బేత్లెహేము బావి నీళ్లకు ఆశపడిన సంగతి మీరెరుగుదురు (2 సమూయేలు 23:13–17). ముగ్గురు వీరులు ఫిలిష్తీయుల దండును చీల్చుకొనిపోయి ఆ నీళ్లు తెచ్చిరి. దావీదు వాటిని త్రాగలేదు. నీళ్లు చెడ్డవని కాదు. అవి ప్రాణమునకు తెగించినవారి రక్తముతో సమానమని తలంచి యెహోవాకు పారబోసెను. పాత్రలోని నీళ్లలో ఆయన మనుష్యులను చూచెను.

అయితే ఈ వృత్తాంతము మన ప్రశ్నకు పూర్తిగా సరిపోదని మేము ఒప్పుకొనుచున్నాము. ఆ వీరులు ఇష్టపూర్వకముగా తెచ్చిరి. హెన్రియెట్టాకు ఇచ్చుటకో మానుటకో అవకాశమే దొరకలేదు. దావీదు దాహము ఓర్చుకొనదగినది; మన సహోదరుని రోగము అట్టిది కాదు. మందును పారబోసినంతమాత్రమున చనిపోయిన తల్లికి గౌరవము కలుగదు. బ్రదికియున్న తండ్రి మాత్రము పోవును. గనుక పారబోయవలసినది మందు కాదు, మనలోని అలక్ష్యము. ఇది నాకు ఊరకే దొరకెనను తలంపును పారబోయవలెను.

అట్లు కొంత జరుగుచున్నది. 2013లో ఆ కణముల జన్యుసమాచారమును కుటుంబమును అడుగక ప్రచురించినప్పుడు అభ్యంతరము కలిగెను. అదే సంవత్సరము అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు కుటుంబముతో ఒడంబడిక చేసికొని, ఆ సమాచారమును కోరువారి మనవులను పరిశీలించు సంఘములో వారికిని చోటిచ్చెను. 2023లో ఆ కణములతో వ్యాపారము చేసిన ఒక కంపెనీ కుటుంబముతో రాజీపడెను. మన దేశములోను, పరిశోధన నిమిత్తము శరీరభాగము తీయునప్పుడు రోగికి తెలియజెప్పి సమ్మతి తీసికొనవలెనని భారత వైద్య పరిశోధనా మండలి 2017లో ప్రచురించిన నియమములు చెప్పుచున్నవి.

కాని నియమము కాగితముమీద నున్నంత మాత్రమున చాలదు. మా యింట ఒకరికి శస్త్రచికిత్స జరిగిన దినమున, ఒక ఆసుపత్రిలో మా యెదుట పెట్టిన కాగితములన్నిటిమీద మేము చదువకయే వ్రాలు చేసితిమి. భయము, తొందర, పెద్ద డాక్టరుగారిని ప్రశ్నింపరాదను బిడియము, ఇవియే కారణములు. చదువు వచ్చిన మాకే ఇట్లయినయెడల, వేలిముద్ర వేయు మన తల్లుల సంగతి ఏమి చెప్పుదుము?

గనుక ఆ సహోదరికి మేము ఇట్లు జాబు వ్రాసితిమి: "అమ్మా, మీ భర్తగారు బిళ్ల మానకూడదు. మ్రింగునప్పుడెల్ల కృతజ్ఞత చెల్లించండి. ఎవరి శరీరములోనుండి ఈ మార్గము మొదలైనదో ఆమె పేరును మీ అబ్బాయికి చెప్పండి. రేపు మన పేటలో ఎవరినైనను పట్నపు ఆసుపత్రికి తీసికొనిపోవునప్పుడు, మీ అబ్బాయిని తోడు పంపండి. వేలిముద్ర వేయకముందు అతడు ఆ కాగితమును వారికి చదివి వినిపించవలెను. తెలిసి ఇచ్చుట సంతోషమే. అడుగవలసినవారు అడుగునట్లు చూచుట మన వంతు."

ప్రతి సంఘములోను చదువు వచ్చినవారు ఇద్దరు ముగ్గురైనను ఉందురు. ఈ మాసమునుండి మీ సంఘములో ఈ పని ఎవరు చేయుదురో పెద్దలు కూడి నిర్ణయించుకొనవలెనని మా మనవి.