ఆ మూల మలుపు

మీ ఊళ్ళో మీకు ఇష్టమైన వీధి మూల ఏది? రాయికోడ్‌లో నాకు వేపచెట్టు కింద టీ కొట్టున్న మూల ఇష్టం. జహీరాబాద్ బస్సు కోసం అక్కడ కూర్చుని ఎందరి కష్టసుఖాలు విన్నానో!

దాని అవతలి మూలను మాత్రం చాలాకాలం తప్పించుకు తిరిగాను. అక్కడే ఒక అవ్వ నన్నాపి, "ఫాదర్, మా ముసలాయనకు పానం బాగలేదు, జర ఇంటికొచ్చి పోరాదూ" అంది. బస్సు వస్తోంది. "రేపొస్తానమ్మా" అన్నాను. మర్నాడు తీసుకెళ్ళిన అభ్యంగన తైలంతో పని లేకపోయింది.

జ్ఞాపకాలుండేది మూలల్లోనా, మనలోనా? మనలోనే అంటాడు పునీత అగస్టీను. తన ఆత్మకథ పదో భాగంలో జ్ఞాపకశక్తిని విశాలమైన భవనాలతో పోల్చాడు. (సెమినరీలో దీన్ని పరీక్ష కోసమే చదివాను.) యాకోబు మాత్రం బేతేలులో తన తలకింది రాయిని స్తంభంగా నిలిపాడు (ఆది 28:18). అంటే చోటు కూడా సాక్ష్యం పలుకుతుంది. మనం మంచివాళ్ళుగా కనబడిన మూలల్నే ప్రేమిస్తే, నలుగురూ చూడాలని వీధి మూలల్లో ప్రార్థించినవారికీ (మత్తయి 6:5) మనకూ తేడా ఏమిటి?

ఈమధ్య ఆ మూలనే బస్సెక్కుతున్నాను. అవ్వ కనబడితే నవ్వుతూ పలకరిస్తుంది. ఆనాటి మాట ఎత్తదు. ఎత్తవలసింది నేను, ఇంకా ఎత్తలేదు.