పగయు న్యాయమును

పగ యనగా నేమి? న్యాయ మనగా నేమి? అపరాధికి బాధ కలిగించుట రెండింటను కానవచ్చుచున్నందున, ఈ రెండును ఒక్కటియే యనియు, చేయువాడు రాజైనచో న్యాయమనియు, సామాన్యుడైనచో పగ యనియు పేరు మాత్రమే మారుననియు లోకములో పలువురు తలచుచున్నారు. ఈ తలపు సత్యమైనచో న్యాయస్థానములు మూసివేయుట మేలు. ఏలయన, బలవంతుడు తన పని తానే చేసికొనగలడు, బలహీనుడు ఎట్లును ఓడిపోవును. కావున ఈ రెంటికిని గల భేద మెట్టిదో విచారించుట ప్రతి గృహస్థునకును ఆవశ్యకము. ఇందులకు మేము శాస్త్రగ్రంథముల జోలికి పోక, నవాబుపేట మొదలైన పల్లెలలో అక్షరము రానివారు సైతము పురాణకాలక్షేపములవలనను భాగవతుల ఆటలవలనను ఎరిగియున్న కథలనే సాక్ష్యముగా గైకొనుచున్నాము.

మహాభారతము యుద్ధముతో ఆరంభమైనదని యనేకుల భ్రమ. అది యొక కుక్క మొరతో ఆరంభమైనది. జనమేజయుడు సత్రయాగము చేయుచుండగా సరమ యను దేవశుని కొడుకు అచ్చటికి ఆడుకొనుచు వచ్చెను. అది హవిస్సును ముట్టలేదు, చూడనైన చూడలేదు. అయినను రాజు తమ్ములు దానిని కొట్టిరి. సరమ వచ్చి, ఏ తప్పునకై నా బిడ్డను కొట్టితిరని యడిగెను. సభలో నొక్కరును మారు పలుకలేదు. అప్పుడు సరమ, నిరపరాధిని బాధించితిరి గనుక మీకు ఎదురుచూడని భయము సంభవించునని చెప్పి పోయెను. నన్నయభట్టు తెనుగు చేసిన ఆదిపర్వమునను ఈ కథ ముందుగానే వచ్చుచున్నది. లక్ష గ్రంథముగల ఇతిహాసమునకు ఒక మూగజంతువు వేసిన ప్రశ్న ద్వారబంధమైనది. విచారణ లేని దండనము దోషమని ఇంతకంటె స్పష్టముగా ఏ ధర్మశాస్త్రము చెప్పగలదు?

ఆ జనమేజయుడే, తన తండ్రి యగు పరీక్షిత్తును తక్షకుడు కరచి చంపెనని ఉదంకునివలన ప్రేరితుడై సర్పయాగము తలపెట్టెను. తప్పు చేసినవాడు తక్షకు డొక్కడు. అగ్నిలో పడినవో, వేలకొలది పాములు. వానిలో తక్షకుని పేరైన వినని పిల్లపాములు ఎన్ని కలవో యెవ రెరుగుదురు? తుదకు ఆస్తీకుడను బాలుడు వచ్చి యాగమును ఆపించెను. ఆతని తండ్రి మానవుడు, తల్లి నాగకన్య. ఉభయవంశముల రక్తమును గలవాడు గనుకనే ఆతడు ఉభయుల దుఃఖమును ఎరిగెను. ఆ యాగసందర్భముననే వైశంపాయనుడు భారతకథ నంతయు ఆ రాజునకు వినిపించెను. పగదీర్చుకొన గూర్చున్న రాజునకు, పగవలన తన వంశ మెట్లు నశించెనో తెలుపుటయే ఆ మహాకథ ప్రయోజనమని మా యభిప్రాయము.

ఇక పగ యెక్కడ పుట్టుచున్నది? మనుష్యుని హృదయములోని దుష్టత్వమునుండి యని సులువుగా చెప్పి యూరకుండుట పాడి కాదు. ద్రౌపదిని సభకు ఈడ్చుకొని వచ్చినప్పుడు ఆమె మొట్టమొదట శపింపలేదు, ఆయుధము కోరలేదు. ఆమె యొక న్యాయప్రశ్న వేసినది: తన్ను తానోడిన పిమ్మట ధర్మరాజునకు నన్నొడ్డు అధికార మున్నదా? న్యాయవాదవృత్తిలో నున్న మాకు ఇంతకంటె సూటియైన ప్రశ్న మరియొకటి కానరాదు. దానికి భీష్ముడు, ధర్మము సూక్ష్మము, నిర్ణయింపజాలనని తప్పించుకొనెను. ద్రోణుడును కృపుడును తలలు వంచుకొనిరి. దుర్యోధనుని తమ్ములలో వికర్ణు డొక్కడు, ఈమె జయింపబడినది కాదని లేచి చెప్పగా కర్ణుడు వానిని అదలించి కూర్చుండబెట్టెను. సభ యుత్తర మీయనందుననే భీముడు ప్రతిజ్ఞ లుత్తరముగా పలికెను. ఆనాడు పెద్దలు నోరు విప్పియుండినచో, దుశ్శాసనుని రొమ్ము చీల్చవలసిన పని భీమునకు లేకపోవును. కావున మేము చెప్పున దేమనగా, పగకు తల్లి క్రోధమైనను తండ్రి మాత్రము న్యాయసభయొక్క మౌనమే.

అట్లైనచో అన్యాయము పొందినవాని పగ క్షమింపదగినదే యని యెవరైన అనవచ్చును. దీనికి ఉత్తరము సౌప్తికపర్వములో నున్నది. అశ్వత్థామ దుఃఖము కల్లకాదు. ఆతని తండ్రి అబద్ధపు మాటచే మోసపోయి, ఆయుధములు విడిచి కూర్చుండియుండగా ధృష్టద్యుమ్నుడు తల నరికెను. ఇది యుద్ధధర్మము కాదని పాండవపక్షములోనే కొందరు నిందించిరి. అశ్వత్థామ మఱ్ఱిచెట్టు క్రింద నిద్రపట్టక పడియుండగా ఒక గుడ్లగూబ వచ్చి నిద్రించుచున్న కాకులను చంపుట చూచెను. చూచి దానినే గురువుగా గొనెను. ద్రోణాచార్యుని కొడుకునకు గుడ్లగూబ ఆచార్యుడైనది! పగ మనుష్యుని ఎంత క్రిందికి దింపునో ఈ యొక్క ముచ్చట చాలును. ఆ రాత్రి ధృష్టద్యుమ్నునితో తృప్తి కలుగలేదు. శిఖండి చచ్చెను, ద్రోణునికి ఏ కీడును తలపెట్టని ద్రౌపదికొడుకు లైదుగురును చచ్చిరి. తెల్లవారినను తృప్తి లేదు. ఉత్తర గర్భమునందలి పిండముపై అస్త్రము వేసెను. మొదట అపరాధి, పిదప వాని బంధువులు, పిదప నిద్రించు బాలకులు, తుదకు పుట్టని శిశువు! పగకు కొలత లేదు, ముగింపు లేదు. ఇదియే న్యాయమునకును దానికిని గల మొదటి భేదము.

ఆ రాత్రి నడచిన మరియొక సంగతిని మన కథకులు తొందరగా దాటిపోవుదురు. కృపాచార్యుడు మేనల్లునికి ఎంతయో హితము చెప్పెను: నిద్రించువారిని చంపుట తగదు, తెల్లవారనిమ్ము, ధృతరాష్ట్రుని, గాంధారిని, విదురుని అడిగి వారు చెప్పినట్లు చేయుదము, అనెను. విదురునియొద్దకు పోవుద మనుటకు అర్థమేమి? సంబంధము లేనివాని తీర్పు కోరుద మనియే గదా! అంత తెలిసిన కృపుడే, అశ్వత్థామ వినక బయలుదేరగా వెంట పోయి, కృతవర్మతో గూడ శిబిరద్వారమున నిలిచి, పారిపోవువారిని నరికెను. లోపల చంపినవాని పాపము ఒక యెత్తు. ఇది తప్పని యెరిగియు వాకిట కావలి కాచినవాని పాపము ఒక యెత్తు. మనలో అశ్వత్థామలు కొద్దిమంది. కృపాచార్యులు మాత్రము వీథివీథికిని కలరు.

ఇది పాతకథ యని తోసివేయరాదు. 2019వ సంవత్సరము నవంబరు 27వ తేదీ రాత్రి శంషాబాదు చెంత ఒక పశువైద్యురాలిపై ఘోరమైన అత్యాచారము జరిగి, ఆమె చంపబడి, షాద్‌నగరు దగ్గర చటాన్‌పల్లియొద్ద దహింపబడెను. ఆ వార్త విని కంట తడి పెట్టని తల్లిదండ్రులు ఈ ప్రాంతమున లేరు. డిసెంబరు 6వ తేదీ తెల్లవారక మునుపు, నిర్బంధములో నున్న నలుగురు నిందితులను అదే చోటికి కొనిపోగా, వారు పోలీసుల కాల్పులలో మడిసిరి. వారు దోషులో కారో యే న్యాయస్థానమును అప్పటికి నిర్ణయింపలేదు. జనులు బాణసంచా కాల్చిరి. పోలీసులపై పూలు చల్లిరి. సుప్రీముకోర్టు నియమించిన సిర్పూర్కరు సంఘము విచారించి యిచ్చిన నివేదిక 2022 మే నెలలో బయల్పడెను. పోలీసులు చెప్పిన కథ నమ్మదగినది కాదనియు, చంపవలెనను తలపుతోనే కాల్పులు జరిగిన వనియు, మృతులలో ముగ్గురు ఘటనకాలమునకు మైనరు లనియు ఆ సంఘము అభిప్రాయపడి, పదిమంది పోలీసులను హత్యానేరమునకై విచారింప వలసినదిగా సూచించెను. చనిపోయినవారు నిజముగా అపరాధులే యైనను, విచారణ లేకపోవుటవలన ఆ చెల్లెలికి జరిగిన ఘోరము ఏ తీర్పునందును నిరూపింపబడక పోయెను. వారు అపరాధులు కానిచో, అసలు ఘాతకులు ఎవరను ప్రశ్న వారితోనే బూడిద యయ్యెను. రెండువిధముల నష్టపడినది న్యాయమే. పూలు చల్లిన చేతులు కృపాచార్యుని చేతులు కావా? చదువరులే యోచింతురుగాక.

ఇచ్చట కొందరు పూర్వపక్షము చేయుదురు: "కడుపుకోత ఎరుగనివారికి క్షమ యుపదేశించుట సులభము, బిడ్డను పోగొట్టుకొన్నవారి నడుగుడు" అని. ఈ మాటలో నిజమున్నది. అన్యాయము పొందినవారికి తక్క మరియెవరికిని క్షమించు నధికారము లేదు. వాకిట నిలిచి, నీవు క్షమింపుమని బాధితురాలికి బోధించుట రెండవ హింస. మన కర్తవ్యము వారికి నీతులు చెప్పుట కాదు, వారికి న్యాయము చేయుట. బాధితులను కేవలము సాక్షులుగా నిలిపి, పని తీరినంతనే పొమ్మనుట మన న్యాయపద్ధతిలో చిరకాలము నిలిచిన లోపము. నిందితుడు విడుదలయైనచో అప్పీలు చేసికొను హక్కు బాధితులకు 2009 డిసెంబరు 31వ తేదీనుండి మాత్రమే లభించినది. 2024 జూలై 1వ తేదీనుండి నడచుచున్న నూతనసంహితలోను అది నిలిచియున్నది. ద్రౌపది ప్రశ్నకు సభ యుత్తర మిచ్చు దారిలో ఇది యొక యడుగు. న్యాయస్థానము ఆలస్యము చేయుచున్నదన్నచో, దాని నడక త్వరపరుపవలెను గాని, దానిని పడగొట్టరాదు. వైద్యుడు ఆలసించెనని రోగికి విషము పెట్టుదుమా?

ఇక ఆ కడుపుకోత ఎరిగిన తల్లి యేమి చెప్పెనో వినుడు. భారతములో ద్రౌపది, అశ్వత్థామను చంపి వాని శిరోమణిని తెచ్చిననే గాని ప్రాణములు నిలుపనని ప్రాయోపవిష్టురాలయ్యెను. భాగవతములో, పోతనామాత్యుడు తెనుగు చేసిన ప్రథమస్కంధమునను, ఆమెయే మరియొక తీరున కనబడుచున్నది. అర్జునుడు వానిని పశువువలె కట్టి తెచ్చి ఆమె ముందు నిలిపెను. భీముడు చంపుమనెను. ఆమె విడువు మనెను. అందులకు ఆమె చెప్పిన కారణములు రెండు. వీడు గురుపుత్రుడు, బ్రాహ్మణుడు అనునది మొదటిది. నా బిడ్డలకై నే నేడ్చుచున్నట్లు వీని తల్లి కృపి ఏడువగూడదు అనునది రెండవది. మొదటి కారణమును నేడు మనము అంగీకరింప వలనుపడదు. జన్మమును బట్టి దండనము తగ్గించు ధర్మము ధర్మము కాదు. రెండవ కారణము మాత్రము సర్వజాతులకును, సర్వకాలములకును చెల్లును. తన యేడ్పులో శత్రువుతల్లి యేడ్పును విన్న యా క్షణమున ద్రౌపది ఆ సభాసదు లందరికంటె పెద్దదయ్యెను. మరియు గమనింపుడు: అశ్వత్థామ దండనము లేకయే పోలేదు. వాని తల గొరిగిరి, మణి తీసికొనిరి, వెడలగొట్టిరి. ప్రాణము తీయకుండుట దండింపకుండుట కాదు.

మన తెలుగుదేశపు చరిత్రకథలలోను ఇదే పాఠ మున్నది. మాకు చేరువనున్న అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ హైదరాబాదు మీదుగా పోయి వాడపల్లియొద్ద కృష్ణలో కలియుచున్నది. ఆ కృష్ణకు ఆవలిగట్టు పలనాడు. కోడిపందెముతో మొదలైన దాయాదుల పోరు, రాయబారిగా వచ్చిన అలరాజును చంపించుటతో ఆరని చిచ్చై, కారెంపూడి నాగులేటి యొడ్డున బాలచంద్రుని వంటి పడుచువారిని మ్రింగివేసినది. కథ చెప్పువారు తప్పంతయు నాగమ్మపై మోపుదురు. పందెమునకు ఒడంబడిన మగవారికి తప్పులో భాగము లేదా? ఒక్కరిని, అందును ఒక స్త్రీని, పాపమునకు పాత్రముగా నేర్పరచుకొనుట కూడ పగయొక్క నేర్పే. అయినను ఆ కథలోనే బ్రహ్మనాయుడు కులభేదము లేక అందరిని ఒక పంక్తిని కూర్చుండబెట్టిన చాపకూడు కూడ నున్నది. కారెంపూడిలో ఏటేట జరుగు వీరుల యుత్సవములో కోడిపోరు దినముతోపాటు, ఆ సహభోజనము జరుపు మందపోరు దినమును గలదు. కత్తిని పూజించు జనులే యా కూటిని కూడ మరువలేదు. ఏది యెక్కువ కాలము నిలుపదగినదో నిర్ణయింపవలసినవారము మనమే.

పరదేశముల కవులును ఈ సత్యమునే కనుగొనిరి. క్రీస్తునకు పూర్వము 458వ సంవత్సరమున ఏథెన్సు నగరములో ప్రదర్శింపబడిన ఎస్కిలసు నాటకత్రయములో, తండ్రిని చంపిన తల్లిని ఒరెస్టీసు చంపును. తల్లి రక్తమునకై పగదేవతలు వానిని తరుముదురు. ఈ గొలుసు ఏ యాయుధమువలనను తెగలేదు. అథీనాదేవి నగరవాసులను న్యాయనిర్ణేతలుగా కూర్చుండబెట్టి, ఉభయవాదములు వినిపించి, అభిప్రాయములు లెక్కించిన పిమ్మటనే తెగినది. విశేష మేమనగా, ఆ దేవి పగదేవతలను వెడలగొట్టలేదు. నగరములోనే వారికి గౌరవస్థానమిచ్చి శాంతింపజేసినది. బాధితుల కోపమును త్రోసివేయక, దానికి న్యాయసభలో పీట వేయుమని దీని భావము.

కావున న్యాయమునకు నాలుగు గురుతులు చెప్పవచ్చును. విచారణ ముందు, దండనము వెనుక. తీర్పరి బాధితుడును కాడు, బాధించినవాడును కాడు. దండనము అపరాధికే, అపరాధమునకు తగినంతయే. తీర్పుతో వివాదము ముగియవలెను, పిల్లలకు సంక్రమింపరాదు. ఈ నాలుగింటిలో ఏ యొక్కటి లేకున్నను, దానిని చేయువాడు రాజైనను, రక్షకభటుడైనను, గ్రామపెద్దయైనను, దాని పేరు పగయే.

సోదరులారా, సోదరీమణులారా! మీ గ్రామములో పొలముగట్టునకై అన్నదమ్ములు కొట్టుకొన్నను, వేరుకులపు వరుని కోరిన యాడుబిడ్డపై ఇంటివారు కత్తి యెత్తినను, సభ మీదే. భీష్మునివలె ధర్మము సూక్ష్మమని చెప్పకుడు. కృపునివలె వాకిట నిలువకుడు. వికర్ణుని మాట ఆనాడు నెగ్గలేదు. అయినను ఆ మాట చెప్పినవాడు ఒక్కడైన ఉండుటవలననే ఆ సభను గూర్చి మనము నేడు తీర్పు చెప్పగలుగుచున్నాము. రెండవవాడు లేచి యుండినచో కథ మారియుండును. ఆ రెండవవాని స్థానము ఇంకను ఖాళీగానే యున్నది.