లామ్, అలిఫ్ కలిస్తే...



మక్తబ్‌లో ఖాయిదా పట్టుకున్న పసిపిల్లలు అలిఫ్, బే, తే చదువుకుంటూ 'లామ్ అలిఫ్' దగ్గరకు వస్తారు. ఆ రెండక్షరాలు కలిస్తే 'లా'. చిన్న పలుకే, కాని ఒక్కో భాషలో ఒక్కో అర్థాన్నిస్తుంది.

అరబీలో 'లా' అంటే లేదు, కాదు, వద్దు. ఈ అర్థం ఉర్దూలోకీ వచ్చింది. జవాబు లేనిది లాజవాబ్, వారసులు లేనివాడు లావారిస్. అయితే అదే ఉర్దూలో 'లానా' అనే క్రియ నుంచి వచ్చిన 'లా'కు 'తీసుకురా' అని అర్థం. 'పానీ లా' అనే మాట మన ఇళ్ళలో రోజూ వినేదే. ఇక తెలుగులో మాట చివర 'లా' చేరితే 'వలె' అని అర్థం: నీలా, నాలా, అందరిలా. ఇంగ్లీషులోనైతే 'లా' అంటే చట్టం.

మన కలిమా అరబీ 'లా'తోనే మొదలవుతుంది: లా ఇలాహ ఇల్లల్లాహ్. ముందు నిరాకరణ, తర్వాత అంగీకారం. ఉలమాలు వీటిని నఫీ, ఇస్బాత్ అంటారు. దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 256వ ఆయత్‌లోనూ ఇదే వరుస ఉంది. మొదట తాగూత్‌ను తిరస్కరించడం, ఆపైన అల్లాహ్‌ను విశ్వసించడం. కలుపు తీయని పొలంలో విత్తనం చల్లితే పంట చేతికొస్తుందా? మక్కా ఖురైషులకు అరబీ మాతృభాష. ఈ 'లా' బరువు వారికి బాగా తెలుసు. అందుకే వారి నాయకులు దాన్ని పలకడానికి నిరాకరించారు. మనం సులువుగా పలుకుతున్నాం. మరి బరువు తెలిసే పలుకుతున్నామా?

నికాహ్ సభనే చూడండి. ఖుత్బాలో 'లా ఇలాహ ఇల్లల్లాహ్' అనే సాక్ష్యం వినబడుతుంది. అందరూ తలవంచి వింటారు. కాని కొన్ని ఇళ్ళలో అంతకు ముందే అబ్బాయి తరఫువారు అమ్మాయి తండ్రి దగ్గర ఉర్దూ 'లా' పలికి ఉంటారు. జోడే కీ రఖమ్ లా, బండి లా, సామాను లా! ఇదేమిటని అడిగితే తెలుగు 'లా' జవాబుగా వస్తుంది: "అందరిలా మేమూ!" 1961 నాటి వరకట్న నిషేధ చట్టమనే ఇంగ్లీషు 'లా' ఎవరికీ గుర్తురాదు.

స్త్రీలకు వారి మహర్‌ను సంతోషంగా ఇవ్వమని అల్లాహ్ నిసా సూరా 4వ ఆయత్‌లో పురుషులను ఆదేశించాడు. మహర్ ఇవ్వడానికి ఏమీ లేని ఒక పేద సహాబీతో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కనీసం ఇనుప ఉంగరమైనా వెతికి తెమ్మన్నారు. అదీ దొరకకపోతే, ఆయనకు వచ్చిన ఖుర్ఆన్ సూరాల మీదే నికాహ్ జరిపించారు. అంటే 'తీసుకురా' అన్న మాట అబ్బాయికి చెప్పవలసినది. మనం దాన్ని అమ్మాయి తండ్రి వైపు తిప్పేశాం!

కట్నం అడిగినవాడు ఇస్లాం నుంచి బయటికి పోయాడని నేననడం లేదు. కాని నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం, అల్లాహ్ ముందు ఏం జవాబు చెప్పాలో అన్న భయాన్ని మించిపోతే, మన 'లా' ఇంకా నాలుక మీదే ఉందన్న మాట.

కనుక తల్లులారా, తండ్రులారా! మీ అబ్బాయి సంబంధం మాట్లాడేందుకు కూర్చున్న రోజున ముందుగా అరబీ 'లా' పలకండి. కట్నం వద్దు, అప్పుల పాలుచేసే ఆడంబరం వద్దు అనండి. ఒక్క ఇల్లు అలా అంటే, రేపు మరో ఇల్లు 'వారిలా మేమూ' అంటుంది.

అల్లాహ్ మన కలిమాను మన నాలుకల నుంచి హృదయాలలోకి, హృదయాల నుంచి ఆచరణలోకి దించుగాక! ఆమీన్.